కారు అలారం ఊరకే ఎందుకు మోగుతుంది?



రాత్రివేళ వీధిలో ఆగి ఉన్న కారు ఉన్నట్టుండి కూత పెట్టడం మీలో చాలామంది వినే ఉంటారు. మొదటిరోజు అందరూ దొంగ వచ్చాడనుకొని లేచి చూస్తారు. రెండవరోజు ఒకరిద్దరు చూస్తారు. వారం గడిచేసరికి ఎవరూ మంచం దిగరు. "నాన్నా పులి" కథ మీకు తెలిసిందే గదా! ఊరకే మోగే అలారం కూడా ఆ కథలోని కుర్రవాడి వంటిదే. నిజంగా దొంగ వచ్చిననాడు దాని మొర ఎవరూ ఆలకించరు.

అలారానికి తోడబుట్టినది తలుపుల తాళం. ఒక బొత్తాం నొక్కితే నాలుగు తలుపులూ ఒకేసారి పడతాయి. మరొకటి నొక్కితే ఒకేసారి తెరుచుకుంటాయి. దీన్ని సెంట్రల్ లాక్ అంటారు. ఇది చెడిపోతే అలారం చెడినంత గోల ఉండదు. కాని ప్రమాదం దీనితోనే ఎక్కువ. అది ఎందుకో ఈ పాఠం చివర తెలుసుకుందాం.

అనంతపురం పీఠభూమిలో ఉండే మనకు కారు ఇప్పుడు దూరపు వస్తువు కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి వద్ద కియా కంపెనీ ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేయగల కర్మాగారాన్ని కట్టింది. అక్కడ తయారైన మొదటి సెల్టోస్ కారు 2019 ఆగస్టులో బయటికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. మీలో కొందరు రేపు ఐ.టి.ఐ.లోనో పాలిటెక్నిక్‌లోనో చేరి ఇటువంటి యంత్రాలతోనే పని చేస్తారు. ఆ పనికి కావలసిన మొదటి పనిముట్టు స్క్రూడ్రైవరు కాదు, సరైన ప్రశ్న. "ఏ భాగం చెడిపోయింది?" అని అడిగితే ఊహలు పుడతాయి. "కరెంటు ఎంతవరకు సరిగా వస్తున్నది?" అని అడిగితే జవాబు దొరుకుతుంది. ఈ తేడాను రెండు మూడు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

ఒకే తీగతో వలయం ఎలా పూర్తవుతుంది?

బ్యాటరీ ధన ధ్రువం నుంచి బయలుదేరిన విద్యుత్తు బల్బు గుండా పోయి రుణ ధ్రువానికి తిరిగి చేరితేనే వలయం పూర్తవుతుందని మీరు చదువుకున్నారు. అయితే కారులో బల్బు దగ్గరికి చాలాచోట్ల ఒకే తీగ వెళ్లడం చూస్తారు. రెండవ తీగ ఏది?

కారు ఇనుప శరీరమే రెండవ తీగ. బ్యాటరీ రుణ ధ్రువాన్ని ఒక లావుపాటి తీగతో కారు బాడీకి బిగిస్తారు. ఇక బాడీలో ఎక్కడ తాకించినా అది రుణ ధ్రువాన్ని తాకించినట్లే. మెకానిక్కులు దీన్ని "ఎర్త్" అంటారు. ఇది భూమికి కలిపిన ఎర్త్ కాదు. నాలుగు రబ్బరు చక్రాలమీద నిలిచిన కారుకు భూమితో సంబంధం ఎక్కడిది? పేరు మాత్రం అలా స్థిరపడిపోయింది.

కారు బ్యాటరీలో ఆరు సీసపు ఘటాలు శ్రేణిలో ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. మొత్తం 12.6 వోల్టులు. ఇంజను ఆపి కొన్ని గంటలు ఉంచిన తరువాత మీటరుతో కొలిస్తే 12.6 వోల్టులు చూపే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు లెక్క. 12.2 దగ్గర ఉంటే సగం మిగిలినట్లు. 11.9 కంటే తక్కువ ఉంటే దాదాపు ఖాళీ అయినట్లే. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుతుంది కాబట్టి మీటరు సుమారు 14 వోల్టులు చూపుతుంది.

ఈ సంఖ్యలను గుర్తుంచుకోండి. అలారం గాని, తాళం గాని, ఏది చెడిందన్నా మొట్టమొదట కొలవవలసింది బ్యాటరీనే. దానికి నిమిషం చాలు. వోల్టేజి బాగా పడిపోయినప్పుడు కొన్ని అలారాలు "ఎవరో తీగ కోస్తున్నారు" అని పొరబడి మోగుతాయి. తాళపు మోటార్లు సగం తిరిగి ఆగిపోతాయి. బ్యాటరీ చూడకుండా తలుపులు విప్పడమంటే కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

అలారం పెట్టెకు కబురు చెప్పేదెవరు?

అలారం పెట్టె తనంతట తాను దొంగను చూడలేదు. దానికి కబురు అందించే వేగులవాళ్లు కొందరుంటారు.

మొదటివి తలుపుల స్విచ్చులు. తలుపు చట్రంలో రబ్బరు టోపీతో చిన్న మొలక వంటిది పొడుచుకొని ఉంటుంది. తలుపు మూస్తే అది లోపలికి నొక్కుకుంటుంది, వలయం తెగుతుంది. తలుపు తెరిస్తే స్ప్రింగు దాన్ని బయటికి నెడుతుంది, వలయం కలుస్తుంది. కారు లోపలి దీపం వెలిగేది ఈ స్విచ్చి వల్లనే. ఇటువంటిదే వెనుక డిక్కీకి ఒకటి, ముందు బానెట్‌కు ఒకటి ఉంటాయి. నాలుగు తలుపులు, డిక్కీ, బానెట్ కలిపి ఆరు స్విచ్చులు.

ఏడవది కుదుపును పసిగట్టే సెన్సారు. చాలా సెన్సారుల్లో పీజో పలక ఉంటుంది. దానిమీద ఒత్తిడి పడితే చిన్న వోల్టేజి పుడుతుంది. గ్యాస్ పొయ్యి లైటరులో టక్కున నొక్కితే నిప్పురవ్వ వచ్చేదీ ఈ ధర్మంతోనే. ఎవరైనా కారును గుద్దినా, అద్దం పగలగొట్టినా ఈ సెన్సారు కబురు పంపుతుంది. అది ఎంత చిన్న కుదుపుకు స్పందించాలో ఒక మరతో సరిచేయవచ్చు.

వీటికి బ్యాటరీ వోల్టేజిని కూడా కలిపితే మొత్తం అనుమానితులు ఎనిమిది.

గాలి వీచిన రాత్రులు

ఇక అసలు సమస్య. బాడుగకు తిరిగే ఒక పాత కారు. అలారం, సెంట్రల్ లాక్ కొన్న తరువాత బిగించుకున్నవి. రాత్రిపూట దాన్ని చెరువు కట్ట పక్కన ఆరుబయట ఆపుతారు. జూలై నెల. మన ప్రాంతం పడమటి కనుమల చాటున ఉన్నది. నైరుతి రుతుపవనాలు తమ తేమను చాలావరకు కనుమల మీదనే కుమ్మరించి ఇటు వస్తాయి. మనకు ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కుతుంది. వాన రాకపోయినా గాలికి మాత్రం కొదవలేదు. రామగిరి కొండలమీద గాలిమరలు నిలబెట్టింది ఈ గాలి కోసమే.

ఆ గాలి గట్టిగా వీచిన రాత్రల్లా కారు ఒకసారో రెండుసార్లో మోగేది. గాలి లేని రాత్రి మోగేది కాదు. దీన్నిబట్టి యజమాని ఇలా తర్కించాడు: "గాలికి కారు ఊగుతున్నది. ఊపును పట్టేది కుదుపు సెన్సారు. కనుక సెన్సారే చెడింది." మరను తిప్పి సెన్సారును మొద్దుబార్చారు. అయినా మోగింది. కొత్త సెన్సారు కొని బిగించారు. అప్పుడూ మోగింది. డబ్బు పోయింది, నిద్ర పోయింది, తప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉన్నది.

యజమాని గమనించింది తప్పా? కాదు. గాలికీ మోతకూ సంబంధం ఉన్నమాట నిజమే. తప్పు గమనికలో లేదు, గమనిక నుంచి ఒక్క గెంతులో ముగింపుకు దూకడంలో ఉన్నది. గాలి కుదుపు సెన్సారును మాత్రమే కదిలించదు. వదులుగా ఉన్న దేన్నయినా కదిలిస్తుంది.

ఎనిమిది అనుమానాలు, మూడు రాత్రులు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తప్పు ఎప్పుడూ కనబడదు. గాలి వీచిన రాత్రి మాత్రమే కనబడుతుంది. అంటే ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క రాత్రి ఖర్చు. ఒక్కొక్క అనుమానితుణ్ణి ఒక్కొక్క రాత్రి పరీక్షిస్తే వారం పైగా పట్టవచ్చు. ఇంతకంటే మంచి దారి లేదా?

ఉంది. అనుమానితులను రెండు గుంపులు చేయండి. ఒక గుంపును వలయం నుంచి తప్పించండి. మోత కొనసాగితే దొంగ మిగిలిన గుంపులో ఉన్నాడు. ఒక్క పరీక్షతో సగం మందిని వదిలేశాం. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేయండి. 8 మంది 4 అవుతారు, 4 గురు 2 అవుతారు, 2 ఒకటి అవుతుంది. 2ను మూడుసార్లు గుణిస్తే 8 గదా! కాబట్టి మూడు పరీక్షలు చాలు. పదహారుమంది ఉంటే నాలుగు, వెయ్యిమంది ఉన్నా పది పరీక్షలే. ఎందుకో మీరే లెక్క వేసి చూడండి.

ఆ కారు విషయంలో పని ఇలా జరిగింది. పొద్దున్నే ఇంజను ఆన్ చేయకముందు బ్యాటరీ కొలిస్తే 12.5 వోల్టులు వచ్చింది. బ్యాటరీ నిర్దోషి. మిగిలింది ఏడుగురు.

మొదటి రాత్రి: నాలుగు తలుపుల స్విచ్చుల తీగలు ఊడదీసి, కొనలకు ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఈ రకం స్విచ్చిలో తీగ తెగి ఉండడమంటే "తలుపు మూసి ఉంది" అని అర్థం. కాబట్టి అలారం పెట్టెకు అనుమానం రాదు. ఆ రాత్రి గాలి వీచింది, కారు మోగింది. నాలుగు తలుపులూ నిర్దోషులు.

రెండవ రాత్రి: తలుపుల తీగలు అలాగే ఉంచి, డిక్కీ తీగనూ కుదుపు సెన్సారునూ కూడా తప్పించారు. ఇక మిగిలింది బానెట్ స్విచ్చి ఒక్కటే. కారు మళ్లీ మోగింది!

మూడవ రాత్రి: ఈసారి పరీక్షను తిరగేశారు. అన్ని తీగలూ మళ్లీ తగిలించి, బానెట్ స్విచ్చి తీగను మాత్రం ఊడదీశారు. గాలి బాగా వీచింది. కారు మోగలేదు.

ఈ మూడవ పరీక్ష ఎందుకు చేశారో ఆలోచించారా? రెండవ రాత్రికే బానెట్ స్విచ్చి మీద అనుమానం బలపడింది గదా! అయినా దోషం అలారం పెట్టెలోనే ఉండవచ్చు. ఏ వేగులవాడూ కబురు పంపకుండానే అది మోగుతూ ఉండవచ్చు. మూడవ పరీక్ష ఆ సందేహాన్ని తీర్చింది. పెట్టె మంచిది కాబట్టే బానెట్ తీగ లేకపోతే మౌనంగా ఉంది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. మోగడం, మోగకపోవడం రెండూ సమానమైన సాక్ష్యాలు కావు. ఒకసారి మోగితే చాలు, తప్పించిన గుంపు లేకుండానే మోత వస్తుందని తేలిపోతుంది. కాని ఒక రాత్రి మోగలేదంటే ఆ రాత్రి గాలి తక్కువై ఉండవచ్చు. అందుకే మౌనాన్ని నమ్మే ముందు మరి రెండు గాలి రాత్రులు వేచి చూశారు.

పగటి వెలుగులో బానెట్ ఎత్తి చూస్తే కారణం కనిపించింది. స్విచ్చి మొలక మీది రబ్బరు టోపీ ఇంజను వేడికి ఎండి, పగిలి, ఊడిపోయింది. దానితో మొలక పొట్టిదయింది. బానెట్ మూసినప్పుడు అది అంతంత మాత్రమే నొక్కుకుంటున్నది. గాలికి బానెట్ రేకు కొద్దిగా అదిరితే చాలు, వలయం క్షణంసేపు కలుస్తున్నది. ఆ క్షణమే అలారం పెట్టెకు "బానెట్ తెరిచారు" అన్న కబురు. మొలక చుట్టూ ఎర్రటి దుమ్ము, తుప్పు కూడా పేరుకొని ఉన్నాయి. దాన్ని శుభ్రం చేసి కొత్త టోపీ తొడిగారు. తరువాత గాలి రాత్రుల్లో కూడా కారు మౌనంగానే ఉంది.

కొత్త సెన్సారు ధరతో పోల్చితే రబ్బరు టోపీ ధర ఎంత? ఏ భాగం కొనాలో చెప్పేది అంగడివాడు కాదు, పరీక్ష.

ఒక తలుపు మాత్రం తెరుచుకోకపోతే?

ఇప్పుడు తాళం సంగతి. ప్రతి తలుపు లోపలా ఒక చిన్న విద్యుత్ మోటారు ఉంటుంది. అది పళ్లచక్రాల ద్వారా ఒక కడ్డీని ముందుకో వెనక్కో తోస్తుంది. కడ్డీ తాళపు కొక్కేన్ని బిగిస్తుంది లేదా వదులు చేస్తుంది. బిగించడానికీ వదలడానికీ రెండు మోటార్లు అక్కరలేదు. విద్యుత్ ప్రవాహ దిశ మారితే మోటారు తిరిగే దిశ మారుతుందని మీకు తెలుసు. బొత్తాం నొక్కినప్పుడు రిలేలు మోటారుకు పోయే రెండు తీగల ధ్రువాలను తారుమారు చేస్తాయి, అంతే.

మూడు తలుపులు పనిచేసి వెనుక ఎడమ తలుపు మాత్రం కదలడం లేదనుకోండి. విప్పకముందే మీకు ఎంత తెలిసిందో చూడండి. మూడు తలుపులు పనిచేస్తున్నాయంటే బ్యాటరీ, ఫ్యూజు, రిమోట్, సెంట్రల్ లాక్ పెట్టె అన్నీ బాగున్నాయి. దోషం ఆ ఒక్క తలుపుకు పోయే దారిలోనే ఉంది. ఒక్క తలుపూ పనిచేయకపోతే? అప్పుడు దోషం నలుగురికీ ఉమ్మడిగా ఉన్న దారిలో, అంటే ఫ్యూజు వైపు ఉంటుంది. పనిచేస్తున్న భాగాలే చెడిన భాగం జాడ చెబుతాయి.

తరువాత చెవి ఒగ్గి వినండి. బొత్తాం నొక్కినప్పుడు ఆ తలుపులో మోటారు చప్పుడు వస్తున్నదా? వస్తే విద్యుత్తు మోటారు దాకా చేరుతున్నది. చెడినది కడ్డీ, కొక్కెం వంటి యాంత్రిక భాగం. దుమ్ము చేరి బిగుసుకొని ఉండవచ్చు. చప్పుడే లేకపోతే లోపలి అట్టను విప్పి, మోటారు కప్లర్ దగ్గర పరీక్ష దీపం తగిలించి బొత్తాం నొక్కాలి. దీపం తళుక్కుమంటే విద్యుత్తు అక్కడిదాకా వచ్చింది, మోటారే చెడింది. వెలగకపోతే దోషం వెనుక దారిలో ఉంది.

వెనుక దారిలో మొదట చూడవలసిన చోటు ఒకటి ఉంది. తలుపుకూ చట్రానికీ మధ్య నల్లటి ముడతల రబ్బరు గొట్టం చూశారా? తీగలన్నీ అందులో నుంచే పోతాయి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అవి అక్కడే వంగుతాయి. బాడుగ కారు తలుపు రోజుకు 30 సార్లు తెరిచారనుకుంటే ఏడాదికి 10,950 సార్లు. ఒక ఇనుప తీగను చేతితో అటూ ఇటూ వంచుతూ ఉంటే ఏమవుతుంది? కాసేపటికి తెగుతుంది. రాగి పోగులకూ అదే గతి. ఒక్కొక్క పోగే తెగుతూ పోతుంది, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

మీటరు నిజం చెప్పినా మనం మోసపోవచ్చు

ఇరవై పోగుల్లో ఒక్కటే మిగిలిందనుకుందాం. మోటారు కప్లర్ ఊడదీసి మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. "కరెంటు వస్తున్నది, మోటారు పోయింది" అని కొత్త మోటారు బిగిస్తారు. అదీ తిరగదు! ఇందులోని మర్మం ఓమ్ నియమంలో ఉంది.

మోటారు కదలబోయే క్షణంలో దాని నిరోధం 3 ఓములు అనుకుందాం. తీగ బాగుంటే ప్రవాహం 12 ÷ 3 = 4 ఆంపియర్లు. ఇప్పుడు తెగిన చోట అదనంగా 3 ఓముల నిరోధం చేరిందనుకోండి. ప్రవాహం 12 ÷ 6 = 2 ఆంపియర్లు. మోటారుకు దక్కేది 2 × 3 = 6 వోల్టులు మాత్రమే. వోల్టేజి సగం, ప్రవాహం సగం. కాబట్టి శక్తి నాలుగో వంతు. మోటారు మూలుగుతుంది గాని తాళం కదలదు.

మరి మీటరు 12 ఎందుకు చూపింది? సాధారణ డిజిటల్ మీటరు నిరోధం సుమారు ఒక కోటి ఓములు. దాని గుండా పోయే ప్రవాహం ఉన్నదీ లేనిదీ ఒకటే. అంత చిన్న ప్రవాహానికి 3 ఓముల దగ్గర వోల్టేజి ఏమాత్రం పడిపోదు. మీటరు అబద్ధం చెప్పలేదు. "ప్రవాహం లేనప్పుడు ఇక్కడ ఎంత వోల్టేజి ఉంది?" అన్న ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. మనం అడగవలసిన ప్రశ్న అది కాదు. "మోటారు లాగినప్పుడు ఎంత నిలుస్తుంది?" అన్నది మన ప్రశ్న.

దానికి పాత పద్ధతి మేలు. ఇండికేటరులో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బుకు రెండు తీగలు కట్టి మోటారు స్థానంలో తగిలించండి. అది 21 ÷ 12 = 1.75 ఆంపియర్లు అడుగుతుంది. తీగ బాగుంటే ప్రకాశంగా వెలుగుతుంది. పోగులు తెగి ఉంటే మసకగా వెలుగుతుంది. ఖాళీ కావడి మోయడానికి ఎవరైనా సరిపోతారు. బలం తెలిసేది నీళ్లు నింపిన కావడి ఎత్తినప్పుడే.

రిమోట్ పనిచేయకపోతే

రిమోట్ బొత్తాం నొక్కితే అది రేడియో తరంగాల ద్వారా ఒక రహస్య సంకేతం పంపుతుంది. చాలా రిమోట్లు 433.92 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేస్తాయి. ఎవరైనా ఆ సంకేతాన్ని దొంగిలించి మళ్లీ పంపకుండా ఉండేందుకు మంచి రిమోట్లలో నొక్కిన ప్రతిసారీ సంకేతం మారుతుంది.

ఇక్కడా సగం చేసే ఉపాయమే. రెండవ తాళం చెవి రిమోట్ నొక్కి చూడండి. అది పనిచేస్తే కారు వైపు అంతా బాగుంది, దోషం మొదటి రిమోట్‌లోనే. అదీ పనిచేయకపోతే కారు వైపు చూడండి. రిమోట్ పనిచేసే దూరం కొన్ని వారాలుగా తగ్గుతూ వచ్చి ఆగిపోయిందా? అయితే అందులోని 3 వోల్టుల నాణెపు ఘటం అయిపోయి ఉంటుంది. ఆ ఘటాన్ని మార్చి పాతదాన్ని ఎక్కడంటే అక్కడ పడేయకండి. పసిపిల్లలు మింగితే గంటల్లోనే అన్నవాహికను కాల్చివేస్తుంది. ప్రాణానికే ముప్పు.

కొత్త కార్ల సంగతి

ఇప్పటి కార్లలో అనేక చిన్న కంప్యూటర్లు రెండు తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అటువంటి కారులో తీగ ఊడదీస్తేనే దొంగతనమని అలారం మోగవచ్చు. అందుకే సర్వీసు కేంద్రంలో ఒక పరీక్షా యంత్రాన్ని తగిలించి దోష సంకేతాన్ని చదువుతారు. అయితే ఆ సంకేతం "వెనుక ఎడమ తలుపు వలయంలో దోషం" అని మాత్రమే చెప్పగలదు. స్విచ్చి చెడిందా, తీగ తెగిందా, కప్లర్‌లో తుప్పు పట్టిందా అన్నది చెప్పలేదు. థర్మామీటరు జ్వరం ఉన్నదని చెబుతుంది. ఏ జ్వరమో వైద్యుడే తేల్చాలి. యంత్రం మారినా మనం నేర్చిన పద్ధతి మారలేదు.

చేయకూడని పనులు

1. పోయిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజు గాని, తీగ ముక్క గాని, సిగరెట్ డబ్బీ రేకు గాని పెట్టవద్దు. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లది. తీసిన రంగుదే తిరిగి పెట్టాలి. ఫ్యూజు కాలడం జబ్బు కాదు, జబ్బు ఉందన్న కబురు. కబురును ఆపేస్తే తీగలు కాలతాయి.

2. పసుపుపచ్చ తొడుగు ఉన్న తీగలను, పసుపు కప్లర్లను ముట్టవద్దు. అవి ఎయిర్‌బ్యాగుకు సంబంధించినవి. పరీక్ష దీపం తగిలిస్తే ఎయిర్‌బ్యాగు పేలవచ్చు.

3. ఒకేసారి రెండు భాగాలు మార్చవద్దు. బాగుపడితే ఏది మందో తెలియదు, బాగుపడకపోతే ఏది విషమో తెలియదు.

4. పెద్దవారి అనుమతి లేకుండా ఎవరి కారునూ విప్పవద్దు.

తలుపు వెనుక ప్రాణం

ఇక పాఠం మొదట ఆపిన సంగతి. 2025 మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారు మీకంటే చిన్నవారు, మీ తమ్ముళ్ల, చెల్లెళ్ల వయసువారు.

కారు అద్దాలు సూర్యకాంతిని లోపలికి రానిస్తాయి. సీట్లు ఆ కాంతిని పీల్చుకొని వేడెక్కుతాయి. వేడెక్కిన గాలి బయటికి పోయే దారి ఉండదు. ఎండలో ఆపిన కారు లోపల గంటలోగా ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు పెరగవచ్చు. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరుగుతుంది. మన అనంతపురం ఎండాకాలంలో బయటే 40 డిగ్రీలుంటే లోపల ఎంతవుతుందో కూడి చూడండి. అద్దం రెండు వేళ్లంత దించితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. చిన్నపిల్లల శరీరం పెద్దవారికంటే చాలా వేగంగా వేడెక్కుతుంది.

కనుక ఈ నాలుగు సంగతులు మీరు నేర్చుకొని మీ ఇంటి చిన్నవారికి చేసి చూపించండి.

చాలా కార్లలో ముందు తలుపు లోపలి పిడి కడ్డీతోనో కేబులుతోనో కొక్కేనికి కలిసి ఉంటుంది. బ్యాటరీ లేకపోయినా, మోటారు చెడినా దాన్ని లాగితే తలుపు తెరుచుకుంటుంది. కొన్నింటిలో రెండుసార్లు లాగాలి. మరికొన్నింటిలో ముందుగా పక్కనున్న లాకు మొలకను ఎత్తాలి.

వెనుక తలుపు అంచున చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని చైల్డ్ లాక్ అంటారు. అది పడి ఉంటే వెనుక తలుపు లోపలి నుంచి ఎంత లాగినా తెరుచుకోదు. అది దోషం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. అప్పుడు ముందు సీట్లోకి దూకి ముందు తలుపు తెరవాలి.

అది కూడా రాకపోతే స్టీరింగు మీది హారను నొక్కుతూనే ఉండాలి. చాలా కార్లలో తాళం చెవి లేకపోయినా హారను మోగుతుంది.

మీరు బయట ఉండి లోపల పిల్లవాడు చిక్కుకొని కనిపిస్తే పెద్దలను కేకవేయండి, 112కు గాని 108కి గాని ఫోను చేయించండి. తాళం కోసం వెతుకుతూ కాలం గడపకూడదు. పెద్దలు పిల్లవాడికి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల దగ్గర గట్టిగా కొట్టాలి. పక్క అద్దం సాధారణంగా గట్టిపరచిన గాజు. పగిలితే చిన్న చిన్న ముక్కలై రాలుతుంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి చేసినది. అది పగులుతుంది గాని రాలదు. కనుక దానిమీద బలం వృథా చేయరాదు.

రాత్రి కారు కూస్తే ఇకమీదట విసుక్కోకండి. ఎవరో ఒక వేగులవాడు కబురు పంపాడు. ఆ కబురు నిజమా, అబద్ధమా, పంపిందెవరు అని వరుసగా అడుగుతూ పొండి.

చేసి చూడండి

రెండు పెన్సిల్ ఘటాలను శ్రేణిలో కలపండి. తీగ ఉండే పాతరకం టార్చి బల్బును వెలిగించండి. ఇప్పుడు రెండు చివరలా చెక్కిన పెన్సిల్‌ను వలయంలో చేర్చండి. బల్బు మసకబారుతుంది లేదా ఆరిపోతుంది. బల్బు తీసి, దాని స్థానంలో మీటరు పెట్టి వోల్టేజి కొలవండి. ఎంత వచ్చింది? ఎందుకు?

ఆలోచించండి

1. తరగతిలో 32 మంది ఉన్నారు. మీరు మనసులో ఒకరిని తలచుకున్నారు. అవును, కాదు అని మాత్రమే జవాబు చెబుతారు. మీ స్నేహితుడు ఎన్ని ప్రశ్నలలో ఆ పేరు కనిపెట్టగలడు?

2. డిక్కీలో 5 వాట్ల దీపం ఆరకుండా వెలుగుతున్నది. బ్యాటరీ 12 వోల్టులు, 45 ఆంపియర్-గంటలు. బ్యాటరీ ఎన్ని గంటల్లో ఖాళీ అవుతుంది?

3. అలారం మోగిన రాత్రుల్లో రెండు దోషాలు ఒకేసారి ఉంటే పైన చెప్పిన మూడు రాత్రుల పద్ధతి ఎక్కడ తడబడుతుంది? దాన్ని ఎలా సవరిస్తారు?